పోలిక బిళ్లలు

ఫోలిక్ యాసిడ్ బిళ్ల కందిగింజ కన్నా కొంచెం పెద్దది. పసుపుపచ్చగా ఉంటుంది. చేదు ఉండదు. నా ఉద్యోగంలో ఎన్నో రకాల మందులు నా చేతుల మీదుగా పోయాయి. సూదిమందు పడక మనిషి కింద పడిపోయిన రోజులు ఉన్నాయి, జ్వరం మందు ఎక్కువై చెవులు వినపడకుండా పోయినవాళ్లు ఉన్నారు. కానీ ఒక సంసారాన్ని విడిపోయే అంచుదాకా తీసుకుపోయిన మందు మాత్రం ఇదొక్కటే. అదీ ఆ మందు వికటించి కాదు. చెయ్యవలసిన పని చక్కగా చేసింది కూడా.

ఈ మధ్య పిల్లలు కావాలనుకునే మగవాళ్లకు సైతం ఈ బిళ్ల రాస్తున్నారని మా వీధి మందుల షాపులో పనిచేసే అమ్మాయి చెప్పింది. మేలు చేస్తుందనే డాక్టర్లు ఉన్నారట, అంత రుజువు లేదనే డాక్టర్లూ ఉన్నారట. ఆ తగువు తీర్చే చదువు నాకు లేదు. అయితే, "మగవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఇవ్వడం కొత్త సంగతి కదా పెద్దమ్మా" అని ఆ అమ్మాయి అనేసరికి ఊరుకోలేకపోయాను. కొత్తేమీ కాదు. 1979లో ఆళ్లగడ్డ పక్కన మేము ఇచ్చాం. మగవాళ్లు వరసలో నిలబడి, అడిగి మరీ మింగారు. ఎందుకు మింగారో చెబుతాను. ఇప్పుడు ఈ పనిలో ఉన్న అమ్మాయిలకు పనికొస్తే సంతోషం.

మాది నంద్యాల. మా నాయన మిషన్ బడిలో పంతులు. నర్సు శిక్షణ అయ్యాక నేను మొదట గోస్పాడు వైపు పనిచేసి, 1978 మార్చిలో ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఆరోగ్య కేంద్రానికి మారాను. నేను వచ్చింది ఏప్రిల్‌లో అని మా కాంపౌండరు అనేవాడు. ఆయన చెప్పే తేదీలూ ఆయన రాసే అక్షరాలూ ఒకటే తీరు. దగ్గరదగ్గరగా ఉంటాయి, సరిగ్గా ఉండవు. మిగతా విషయాల్లో మంచివాడు.

అప్పటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల హడావుడి ముగిసి ఎంతో కాలం కాలేదు. మా జీపు దుమ్ము కనబడితే చాలు, ఊళ్లో మగవాళ్లు జొన్నచేలల్లోకి పోయేవారు. జీపులో ఉన్నది దోమలమందు వాళ్లైనా సరే, పోయేవారు. మా కేంద్రానికి మగవాడు రావాలంటే తేలు కుట్టాలి, లేదంటే ఎద్దు పొడవాలి. మేము ఇచ్చే బిళ్ల ఏదైనా, మింగితే వంశం ఆగిపోతుందని వాళ్ల నమ్మకం. ఇక రక్తం పట్టడానికి సర్కారు పంపే ఎర్రబిళ్లలు గర్భిణులకూ, బాలింతలకూ, చిన్నపిల్లలకూ మాత్రమే. మగవాడికి రక్తం తక్కువ అవుతుందని ఆ పథకం రాసినవాళ్లు అనుకోలేదు. మగవాళ్లూ అనుకోలేదు. ఆ ఎర్రబిళ్లలకు వాళ్లు పెట్టిన పేరు "ఆడోళ్ల బిళ్లలు".

1979 జూన్‌లో మాకు కొత్త డాక్టరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. సన్నగా, తెల్లగా ఉండేవాడు. పిల్లి కళ్లు. ప్రతి మాట చివరా "అండీ" ఉండేది. గొర్రెల కాపరినీ, కూలివాడినీ, అందరినీ "ఏవండీ" అనే పిలిచేవాడు. మా వైపు అది వినని పిలుపు. ఒక రైతు బయటికి వచ్చి పక్కవాడితో అన్న మాట నా చెవిన పడింది.

"ఏందిరా ఈయప్ప, సినిమాలో పెండ్లాం పిలిచినట్టు పిలుస్తాండాడు?"

డాక్టరు మాత్రం పని తెలిసినవాడు. వచ్చిన కొత్తలోనే, సారా తాగే కూలీలు చాలామంది పాలిపోయి ఉన్నారని గమనించాడు. తిండి తక్కువ, ఆకుకూర లేదు, పైన సారా. ఫోలిక్ యాసిడ్ లోపం ఉండి ఉంటుందని, పరీక్ష చేసి మందు ఇద్దామని జిల్లా కేంద్రానికి పోయి ఆ పసుపు బిళ్లలు డబ్బాలు డబ్బాలు తెప్పించాడు. తినేవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు. జూలై అంతా ఆ డబ్బాలు బల్ల మీద అట్లాగే ఉన్నాయి.

ఆగస్టులో ఒక రాతిపని ఆయన వచ్చాడు. వచ్చాడు అనడం తప్పు, భార్య తీసుకొచ్చింది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే కొట్టాలు ఉంటాయి కదా, అందులో ఒకటి ఆయనది. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. సుత్తి ఎత్తితే ఆయాసం, నడిస్తే కళ్లు తిరగడం. నాలుక పుండు పడినట్టు ఎర్రగా, నున్నగా ఉంది. గోళ్లు సున్నం మాదిరి తెల్లగా ఉన్నాయి. భార్యది ఉయ్యాలవాడ. తల్లి లేదు, ఒక అన్న ఉన్నాడు. ఆమెకు అప్పుడు మూడో నెల. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. ఆమె ఎర్రబిళ్లల కోసం నా దగ్గరికి వచ్చేది కాబట్టి నాకు తెలుసు.

"ఏవండీ, రోజూ సారా తాగుతారాండీ?" అని అడిగాడు డాక్టరు.

"రోజూ యాడ సార్. సంజకాడ ఒక్కపారి."

"సంజ దినామూ వస్తాది లే సార్," అంది భార్య.

డాక్టరు రక్తం తీసి చూశాడు. అనుకున్నట్టే ఉంది. ఇంకో విటమిన్ సూది వేశాడు, ఆ సూది లేకుండా ఈ బిళ్ల ఒక్కటే ఇస్తే నరాలకు చెరుపు రావచ్చని నాకు చెప్పాడు. తరవాత మొదటి బిళ్ల తన చేత్తో ఆయన అరచేతిలో పెట్టి అన్నాడు: "ఫోలిక్ యాసిడ్ అండీ. రోజుకు ఒకటి వేసుకోవాలండీ."

"ఆపరేసన్ బిళ్లలు కాదు గదా?"

"అలాంటి బిళ్లలు లేవండీ."

"మావాండ్లు ఉండాయంటారు."

మందులు కడుతున్న కాంపౌండరు కల్పించుకున్నాడు. "నీ పెండ్లాం కడుపుతో ఉండాది గదప్పా. ఇంగ నీకేం భయం?"

"ఇప్పుడుండాది సరే. మళ్లా వద్దా?"

కాంపౌండరు నవ్వి, బిళ్లలు పొట్లం కట్టి, పొట్లం మీద మందు పేరు రాసి ఇచ్చాడు. ఇక్కడే కథంతా ఉంది. తెలుగులో ఫోలిక్ అని రాయాలంటే ప కింద చిన్న ఒత్తుగీత పెట్టాలి, క పైన పొల్లు పెట్టాలి. మా కాంపౌండరు ఒత్తులూ పొల్లులూ దండగ ఖర్చు అనుకునే రకం. ఆ రెండు గీతలూ తీసేస్తే మిగిలేది ఏమిటో మీరే రాసి చూసుకోండి.

ఆ రాతిపని ఆయన విగ్రహాల పీఠాల మీద పేర్లు కూడా చెక్కేవాడు. కాబట్టి ఆయన మనలాగా మాటను చూసి చదవడు, అక్షరాన్ని వేలితో తడిమి చదువుతాడు. పొట్లం మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. భార్య కడుపు వంక ఒకసారి చూశాడు. పొట్లాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మా మందును ఒక మగవాడు అంత భద్రంగా పెట్టుకోవడం అదే మొదలు. డాక్టరు మర్యాద ఫలించిందని నేను అనుకున్నాను.

సెప్టెంబరు గడిచింది. అక్టోబరు మొదటి వారంలో ఒక పొద్దున నేను తలుపు తెరిచేసరికి మెట్ల మీద మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరికీ తేలు కుట్టలేదు. ఎద్దు పొడిచిన గుర్తులు లేవు. శిరివెళ్ల వైపు నుంచి బండి కట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

"నర్సమ్మా, ఆ బిళ్లలుండాయా?" అన్నాడు ముందున్నవాడు.

"ఏ బిళ్లలు?"

"అవే. పోలికవి."

"పోలిక ఏమిటి?"

"ఏందీ, తెలీనట్టు అడుగుతాండావ్? నాయన యేసుకుంటే బిడ్డకు నాయన పోలికొచ్చేటివి. పచ్చవి."

వెనక ఉన్న ఇంకొకడు ముందుకు తోసుకుని వచ్చాడు. "నాకు ముగ్గురు పుట్టినారమ్మా. ముగ్గురూ నా బామ్మర్ది మాదిరే ఉండారు. పుట్టినంక యేసుకుంటే పనిజేస్తాయా?"

"నీ మాదిరి లేకపోవడం ఆ బిడ్డల అదృష్టం గదరా," అన్నాడు మెట్ల మీద నుంచి ఒక ముసలాయన. అందరూ నవ్వారు. ఆ ముసలాయన కూడా బిళ్లల కోసమే వచ్చాడని తరవాత తెలిసింది.

వాళ్ల లెక్క చాలా చక్కగా ఉంది. ఎర్రబిళ్ల ఆడమనిషికి, రక్తం కోసం. పచ్చబిళ్ల మగమనిషికి, పోలిక కోసం. సర్కారు ఇన్నాళ్లకు మగవాడి సంగతి కూడా ఆలోచించింది. పొట్లం మీద రాసి మరీ ఇస్తోంది. ఆ మాట పోయి పడింది కూడా రాతిపని ఆయన చేతిలో! పోలిక ఆయన వృత్తిలో రోజూ వాడే మాట. దేవుడి విగ్రహం చెక్కితే పోలిక లేదని అనడానికి దేవుణ్ణి చూసినవాడు లేడు. చనిపోయిన పెద్దమనిషి విగ్రహం ఫొటో చూసి చెక్కితే మాత్రం ఇంటిల్లిపాదీ వచ్చి, ముక్కు మా నాయనది కాదు, చెవి మా తాతది కాదు అని బేరం తగ్గిస్తారు. పోలిక కోసం అంత తంటాలు పడే మనిషికి, పోలిక పేరుతోనే ఒక బిళ్ల ఇస్తే నమ్మడా? నమ్మి, కొట్టంలో పనివాళ్లకు చూపించాడు. పైగా ఆరు వారాల్లో ఆయన మొహానికి రంగు వచ్చింది, సుత్తి దెబ్బ వీధి చివరికి వినపడుతోంది. ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి?

వాళ్లు గుర్తు కోసం తెచ్చిన ఆయన పొట్లం తీసుకుని నేను కాంపౌండరు దగ్గరికి పోయాను.

"ఒక ఒత్తు, ఒక పొల్లు. దీనికే ఇంత రాద్ధాంతమా?" అన్నాడు.

"నీ పేరులో ఒత్తు తీసేసి పిలిస్తే పలుకుతావా?"

"జీతం ఇచ్చేకాడ పిలిస్తే పలుకుతా."

డాక్టరు దగ్గరికి పోతే ఆయన పగలబడి నవ్వాడు. "నా వైద్యానికి రాలేదండీ, మీ కాంపౌండరు గారి అక్షరదోషానికి వచ్చారు. వస్తున్నారు, మింగుతున్నారు. పోనివ్వండి సిస్టర్ గారూ." ఆయన పద్ధతి ప్రకారం ప్రతివాడి రక్తమూ పరీక్ష చేశాడు. అవసరం ఉన్నవాళ్లకే ఇచ్చాడు. ఇంటికి పోయి పారేస్తారేమోనని మొదటి బిళ్ల తన చేత్తో ఇచ్చి, తన ఎదటే మింగించేవాడు. ఈ తన చేత్తో అన్న మాట గుర్తుంచుకోండి.

నేను మాత్రం ఊరుకోలేదు. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. "పోలిక కాదయ్యా, ఫోలిక్."

"అదే గదమ్మా నేనూ అంటాండేది. పోలిక్."

మా వైపు నోళ్లలో ఫ నిలవదు. ఫొటో అంటే పోటో, ఫ్యాను అంటే ప్యాను. నేను నోరు నొప్పి పుట్టేలా ఊదినా, వాళ్లు ప దగ్గరే ఆగిపోయేవారు. "నువ్వు చదువుకున్న్యావ్, గాలితో అంటావ్. మేం గాలి లేకుండా అంటాం. బిళ్ల అదే గదా," అన్నాడు ఒకడు.

రాతిపని ఆయన భార్యను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"దినామూ నేనే యేపిస్తాండా నర్సమ్మా. తాగొచ్చినా సరే, నోరు తెరిపిచ్చి యేస్తా."

"మంచిదే. కానీ పోలికకూ దానికీ సంబంధం లేదు."

"లేకుంటే లేకపోనీ. మా అత్త దినామూ పొద్దున్నే లేసి, మా వంశం నీ కడుపులో నిలవదు అంటాది. ఈ బిళ్లలొచ్చినకాడి నుంచి ఆ మాట నిల్చిపోయింది. నువ్వు ఆయమ్మకు జెప్పొద్దు, అంతే."

ఆ రోజు ఆమె మొహం చూస్తే, ఆ బిళ్ల ఆయన కన్నా ఆమెకే ఎక్కువ పనిచేస్తోందని తోచింది.

1980 ఫిబ్రవరిలో ఆమెకు కాన్పు అయింది. తల్లి లేదు కాబట్టి అత్తగారింట్లోనే. పొద్దున పది గంటల వేళ ఆడపిల్ల పుట్టింది. చక్కగా ఏడ్చింది. నేనే బొడ్డు కోశాను, నేనే తుడిచాను. అంతా సవ్యంగా జరిగిందని తేలికైన మనసుతో తిరిగి వచ్చాను.

రెండో రోజు పోయేసరికి అత్త బిడ్డను వాకిట్లోకి, ఎండలోకి తెచ్చి పట్టుకుని ఉంది. బిడ్డ ఎర్రగా, తెల్లగా ఉంది. అంత వరకు పరవాలేదు, పుట్టినప్పుడు చాలామంది అట్లాగే ఉంటారు. బిడ్డ కళ్లు తెరిచింది. బూడిద రంగు కళ్లు.

"యెవురివి నర్సమ్మా ఈ కండ్లు?" అంది అత్త.

ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ వెదికినా అట్లాంటి కళ్లు ఒక్క జతే ఉన్నాయి. అవి మా కేంద్రంలో, బల్ల వెనక కూర్చుని, "ఏవండీ" అని పిలుస్తూ ఉంటాయి.

ఊళ్లో మాట రెండుగా చీలింది. ఒకటి మంచి మాట. బిళ్ల ఎవరి చేత్తో ఇస్తే వాళ్ల పోలిక వస్తుంది, డాక్టరు తన చేత్తో ఇచ్చాడు కాబట్టి డాక్టరు కళ్లు వచ్చాయి, పాపం ఆడమనిషి ఏం చేస్తుంది అని. రెండోది చెడ్డ మాట. అది నేను ఇక్కడ రాయక్కరలేదు. అత్త రెండో మాట వైపు ఉంది. పదకొండో రోజు పురిటి స్నానం కాగానే బిడ్డనూ తల్లినీ ఉయ్యాలవాడ పంపించెయ్యాలని నిశ్చయం చేసి, ఆమె అన్నకు కబురు పెట్టింది. పోతే మళ్లీ పిలిచేది ఉండదని అందరికీ చెప్పింది. తల్లి లేని పుట్టింటికి, ఆ కళ్ల బిడ్డతో, ఆ మాటతో పోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కరలేదు.

అక్షరదోషానికి నవ్విన డాక్టరు ఇప్పుడు నవ్వలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రోగులను చూడటం మొదలుపెట్టాడు. "కండ్లు దాచుకుంటాండాడంటే ఏదో ఉండాది అనుకుంటారు సార్, తీసెయ్యండి," అన్నాడు కాంపౌండరు. తీసేస్తే కళ్లు కనబడతాయి, పెట్టుకుంటే దాచినట్టు ఉంటుంది. ఆయన రోజుకు పదిసార్లు పెట్టుకుని తీసేవాడు.

పదకొండో రోజున నేను ఆ ఇంటికి బయలుదేరుతుంటే, "నేనూ వచ్చి శాస్త్రీయంగా వివరిస్తానండీ," అన్నాడు.

"మీరు రావద్దు సార్. మీతో పాటు మీ కళ్లు కూడా వస్తాయి," అన్నాను.

నేను పోయేసరికి ఉయ్యాలవాడ అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. బట్టల మూట అప్పటికే ఆయన చేతిలో ఉంది. భార్య గడప లోపల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. రాతిపని ఆయన ఇంటి పక్క కొట్టంలో పని చేసుకుంటున్నాడు, ఉలి చప్పుడు ఆగడం లేదు. పొరుగింటామె ఒకరు అత్తతో వాదిస్తోంది.

"ఆ పిల్లదేం తప్పుండాది పెద్దమ్మా? బిళ్ల ఆ డాక్టరు చేత్తో ఇచ్చినాడు, ఆయప్ప కండ్లొచ్చినాయి. మా ఇంటాయన గూడా అందుకే మానేసినాడు."

అత్త కొంచెం తగ్గింది. ఆలోచనలో పడింది. ఇంతలో నన్ను చూసింది. "అదో, నర్సమ్మొచ్చింది. ఆయమ్మనే అడుగుదాం. ఏమ్మా, ఆ బిళ్లతో పోలికొస్తాదా, రాదా? ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నది ఉన్నట్టు చెప్పమంటే నాకు ఇంకేం కావాలి? అయిదు నెలలుగా ఆ మాట అడిగేవాళ్ల కోసమే ఎదురు చూస్తున్నాను. "రాదు పెద్దమ్మా. ఆ బిళ్లకూ పోలికకూ ఏ సంబంధమూ లేదు. అది రక్తానికి," అన్నాను.

నోటి నుంచి మాట బయటికి వచ్చాక అది ఎక్కడ పడిందో అర్థమైంది.

"వింటిరా?" అంది అత్త, వాకిట్లో అందరికీ వినపడేలా. "బిళ్లది తప్పు కాదంట. ఇంగ యెవురిది?"

పొరుగింటామె నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నేను గబగబా చెప్పుకుపోయాను. పుట్టినప్పుడు కొందరు పిల్లలకు కళ్లు ఇట్లాగే ఉంటాయని, నెలలు గడిచేకొద్దీ రంగు దిగి నల్లబడతాయని, నేను చూశానని.

"అందురికీ మారతాయా?"

ఇక్కడ ఔను అని ఉంటే సరిపోయేది. కానీ నేను చూసినవాళ్లలో ఒకరిద్దరికి మారలేదు. "చాలామందికి మారతాయి," అన్నాను.

"సాలామందికంట! అందురికీ కాదంట!"

నేను చెప్పిన రెండు మాటలూ నిజాలే. ఆ రెండు నిజాలతో ఆ పిల్లను గడప దాటించే పని దాదాపు నేనే పూర్తి చేశాను. అన్న మూట భుజానికి ఎత్తుకున్నాడు. "పదమ్మా పోదాం, బస్సుకు టయమయితాండాది," అన్నాడు, నేల వంక చూస్తూ.

అప్పుడు ఉలి చప్పుడు ఆగింది. రాతిపని ఆయన ఒంటి నిండా రాతి పొడితో, చేతిలో ఉలితో వచ్చాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేరుగా తల్లి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా బొమ్మలకు కండ్లెప్పుడు తెరుస్తా?"

"అదిప్పుడేలరా?"

"చెప్పు."

"ఆఖర్న."

"కాళ్లు, చేతులు, సొమ్ములు, అంతా అయినంక ఆఖర్న. అవునా? పని సగంలో ఉన్నెప్పుడు వచ్చి, ముక్కు బాగల్యా, కండ్లు బాగల్యా అనేటోన్ని ఏం జేస్తా?"

"బయటికి తోలుతావ్."

"నువ్వు మా అమ్మవి. నిన్ను తోలలేను. అందుకే జెప్తాండా. ఈ బొమ్మ పని ఇంగా జరుగుతాండాది. బిడ్డ యాడికీ పోదు. వాండ్లమ్మ యాడికీ పోదు."

"మారకుంటేనో? ఆ కండ్లు అట్లే ఉంటేనో?"

"ఉంటే ఉంటాయి. చూసేది నేను గదా, దినామూ." తరవాత బావమరిది వైపు తిరిగాడు. "బావా, ఆ మూట ఆడ పెట్టి కూచో. అన్నం తిని పోదువు గానీ."

అన్న మూట దించాడు. ఆయన మొహంలోకి సంతోషం నిదానంగా రావడం చూశాను. గడప లోపల భార్య అప్పుడు ఏడ్చింది. "రాయి కొట్టీ కొట్టీ వీని తలకాయ గూడా రాయయిపోయింది," అని గొణుక్కుంటూ అత్త బియ్యం చెరగడానికి కూర్చుంది. అన్నం అందరికీ వండింది. నాకు కూడా పెట్టింది, నన్ను చూడకుండా.

బిడ్డ కళ్లకూ బొమ్మ కళ్లకూ పోలిక ఏమీ లేదు. శాస్త్రం తెలిసినవాళ్లెవరూ ఆయన చెప్పిన కారణాన్ని ఒప్పుకోరు. ఆయన భార్యను నమ్మి ఆ మాట అన్నాడో, పని ముగియకముందే వంక పెట్టేవాళ్ల మీద వృత్తి కోపంతో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగవలసిన అవసరం కూడా కనబడలేదు.

ఆ ఏప్రిల్‌లో డాక్టరు బదిలీ చేయించుకుని కోస్తాకు వెళ్లిపోయాడు. శ్రావణం వచ్చేసరికి బిడ్డ కళ్లు నేరేడు పండ్ల మాదిరి నల్లబడ్డాయి. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. ఇప్పటికీ ఎక్కడో నల్ల కళ్లద్దాలు పెట్టుకునే తిరుగుతున్నాడేమో.

మగవాళ్లు కొన్నాళ్లు నా దగ్గరికి వచ్చారు. "నీ చేత్తో ఇయ్యి నర్సమ్మా. నీ పోలికొచ్చినా నష్టం ల్యా, నల్లగా మా మాదిరే ఉంటాది," అన్నాడు ఒకాయన, మర్యాదగానే. ఈ గొడవతో బెదిరిపోయిన కాంపౌండరు మాత్రం అప్పటి నుంచి ఎంతో జాగ్రత్తగా రాయసాగాడు. ఒత్తు పొట్లం అంచు దాటేది, పొల్లు కొడవలి మాదిరి ఉండేది. వేలు పెట్టి చదువుకున్నవాళ్లు, ఇవి ఆ బిళ్లలు కావని పొట్లాలు తిరిగి ఇచ్చేశారు. అక్షరం సరిగ్గా పడిన కొద్ది వారాల్లోనే మగవాళ్లు రావడం మానేశారు. డబ్బాలు మళ్లీ బల్ల మీదికి చేరాయి. ఊళ్లో పాలిపోయిన మొహాలు పాలిపోయినట్టే ఉన్నాయి. ఒప్పు రాయించడానికి అంత పోరాడిన దాన్ని, ఆ ఒప్పును చూసి సంతోషించాలో వద్దో నాకు తెలియలేదు.

1986లో నేను నంద్యాల ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఒకరోజు కంటి శుక్లం ఆపరేషన్ కోసం ఆ అత్తను తీసుకొచ్చారు. కోడలు వెంట వచ్చింది. ఆరేళ్ల మనవరాలు ముందు నడుస్తోంది. ఆ పిల్లను చూసి నేను ఉన్నచోటే నిలబడిపోయాను. ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, కలిసిపోయిన కనుబొమలు, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడే తీరు. ముసలామెను చిన్న కొలతలో చెక్కి పక్కన నిలబెట్టినట్టు ఉంది.

"కూచోమంటి గదా అవ్వా, ఏమిటికి లేస్తావ్?" అని అవ్వను గదమాయించి, నర్సును నన్ను కూడా ఒక చూపు చూసింది.

అత్త పొంగిపోయింది. "సూసినావా నర్సమ్మా? నాకు మసగ్గా కనబడతాండాది గానీ, అందురూ చెప్తాండారు, అచ్చం నా మాదిరే ఉండాదంట. ఊరికే వస్తాదా? నా కొడుకు దినం తప్పకుండా బిళ్లలు యేసుకున్న్యాడు. నువ్వేమో పోలిక రాదు, రాదంటివి!"

నేను నోరు తెరిచాను. వెనక నుంచి కోడలు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"పోలికొచ్చింది, సాలు నర్సమ్మా. ఆ నోరు రాకుండా ఏమన్నా బిళ్లుంటే ఇయ్యి."